అభిమాని ఉద్యోగానికి సెలవుల్లేవు

వెనకటి తరం అభిమానులు శుద్ధ సోమరులు. ఎవరో ఒకరు ధైర్యం చేసి ఈ మాట అనాలి కాబట్టి నేనే అంటున్నాను.

1840లలో ఫ్రాంజ్ లిస్ట్ పియానో వాయిస్తుంటే యూరప్ జనానికి పూనకాలు వచ్చేవి. ఆయన చేతిరుమాళ్ల కోసం, గ్లౌజుల కోసం పెద్దింటి ఆడవాళ్లు పోట్లాడుకున్నారు. హైన్రిష్ హైన అనే కవి 1844లో ఆ జబ్బుకు ‘లిస్టోమేనియా’ అని నామకరణం కూడా చేశాడు. సరే, ఆ తర్వాత? ఎవరికి దొరికిన ముక్క వాళ్లు తీసుకుని ఇంటికెళ్లి హాయిగా పడుకున్నారు. 1964లో బ్రిటన్ బ్యాండ్ బీటిల్స్ అమెరికాలో దిగితే ఎయిర్‌పోర్టుకు వేలమంది వచ్చి గొంతు పోయేదాకా అరిచారు. వాళ్లూ అంతే, గొంతు పోగానే ఇంటికెళ్లిపోయారు. ఇవాళ ఆ పాట ఎన్నిసార్లు విన్నావు, నీ వాటా ఎంత, అవతలి బ్యాండ్ కంటే మనం ఎన్ని లక్షలు వెనకబడ్డాం అని వాళ్లను అడిగిన నాథుడు లేడు. అరవడం, మహా అయితే మూర్ఛపోవడం. అదీ ఒక అభిమానమేనా?

అలాంటి మందను ఇంటర్నెట్ వచ్చి దారిలో పెట్టింది. మొదటి రోజే పెట్టలేదు లెండి. మొదట్లో అభిమానిని దొంగను చేసింది. 1999లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ అనే ప్రోగ్రాం వచ్చాక, ఎవరి కంప్యూటర్లో ఉన్న పాటలు వాళ్లు లోకమంతా పంచేశారు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. 2000లో మెటాలికా అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ మూడు లక్షలకు పైగా యూజర్ల పేర్లు ప్రింటు తీయించి, పెట్టెలకొద్దీ కాగితాలతో స్వయంగా నాప్‌స్టర్ ఆఫీసుకు వెళ్లాడు. ఆ జాబితాలో ఉన్నది ఎవరనుకున్నారు? మెటాలికా పాటలు పంచుకున్నవాళ్లు. అంటే మెటాలికా అభిమానులు. ఒక బ్యాండ్ తన అభిమానుల పేర్లు అంత శ్రద్ధగా రాయించి పెట్టుకోవడం ముచ్చటైన విషయమే, కాకపోతే అది వాళ్లను తరిమేయడానికి.

తర్వాత పరిశ్రమకు జ్ఞానోదయమైంది. దొంగను పట్టుకుని కోర్టుకు లాగితే ఖర్చు. అదే దొంగను పనిలో పెట్టుకుని, జీతం సంగతి ఎత్తకుండా ఉంటే లాభం.

మా మేనకోడలు ప్రస్తుతం ఆ పనిలోనే ఉంది. ఏ బ్యాండో చెప్పను. చెబితే మిగతా బ్యాండ్ల వాళ్లు నా మీద పడతారు, పేరు తప్పు పలికానని ఆ బ్యాండ్ వాళ్లూ పడతారు. ఒక రాత్రి మంచినీళ్లకు లేస్తే ఆమె గదిలో లైటు వెలుగుతోంది. మంచం మీద రెండు ఫోన్లు, ఒక ట్యాబ్, వాళ్లమ్మ లాప్‌టాప్. నాలుగింట్లోనూ ఒకే పాట, ఒకదాని వెనక ఒకటి రెండేసి సెకన్లు ఆలస్యంగా. గుహలో కచేరీ జరుగుతున్నట్టుంది.

“ఏంటమ్మా ఇది?”

“కమ్‌బ్యాక్, మామయ్యా.”

ఎక్కడికి వెళ్లారని తిరిగొచ్చారు అని అడిగాను. ఎక్కడికీ వెళ్లలేదట. కె-పాప్‌లో, అంటే కొరియా పాప్ సంగీతంలో, కొత్త పాటలు విడుదలైన ప్రతిసారీ కమ్‌బ్యాక్ అనే అంటారట, కిందటి కమ్‌బ్యాక్ జరిగి నాలుగు నెలలు కాకపోయినా సరే. అన్నిసార్లు తిరిగొచ్చేవాళ్లను మేం చిన్నప్పుడు చుట్టాలనేవాళ్లం.

నీ ఫోన్ కూడా ఇవ్వు మామయ్యా అంది. ఇచ్చాను. ఇంటర్వ్యూ లేదు, ఆర్డర్ కాగితం లేదు, నా నియామకం పూర్తయింది. నియమావళి మాత్రం ఉంది, వాట్సాప్‌లో వచ్చింది. సౌండ్ మ్యూట్ చేయకూడదు. సగానికంటే తగ్గించకూడదు. రిపీట్ బటన్ నొక్కకూడదు, నొక్కితే మనిషి కాదు బాట్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాం, అనుకుంటారు. పాట ఒకసారి అయ్యాక మధ్యలో రెండు వేరే పాటలు పెట్టి మళ్లీ దీనికి రావాలి. ఆ వేరే పాటలూ మనవాళ్లవే అయ్యుండాలి, శత్రువుకు మేలు చేయకూడదు కదా. యాడ్ వస్తే దాటేయకూడదు. ఈ నియమాల్లో కంపెనీ పెట్టినవెన్ని, భక్తులు చేర్చినవెన్ని అని అడగడం అపచారం. మడి అంటే మడే.

“ఇంతకీ పాట ఎలా ఉందే?” అన్నాను.

“ఇంకా వినలేదు మామయ్యా. ముందు స్ట్రీమింగ్ అవనీ.”

ఈ జవాబులో నాకు లోపమేమీ కనబడలేదు. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే మనిషిని ఆ డబ్బుతో ఏం కొందామనుకుంటున్నావని అడుగుతామా?

పనివేళలు కూడా పక్కాగా ఉన్నాయి. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా కొత్త పాటలకు శుక్రవారమే ముహూర్తమని సంగీత పరిశ్రమ ఖాయం చేసింది. అమెరికాలో పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ లెక్కల వారం కూడా శుక్రవారం మొదలై గురువారంతో ముగుస్తుంది. మామూలు ఉద్యోగికి పని తెమిలే రోజున అభిమానికి పని మొదలవుతుంది. శని, ఆదివారాలు ఓవర్‌టైమ్.

కొలత విషయానికొస్తే, పాటలు వినే యాప్ స్పాటిఫైలో 30 సెకన్లు ఆడితే ఒక స్ట్రీమ్ కింద లెక్క. ముప్ఫై ఒకటో సెకనులో విసుగొచ్చి లేచిపోయినా విన్నట్టే. ఇరవై తొమ్మిదో సెకనులో కళ్లనీళ్లు తిరిగి ఆపేస్తే మాత్రం విననట్టే. ఇది తెలిశాక పాట రాసేవాడు మెల్లగా ఎందుకు మొదలుపెడతాడు? తొందర అంతకుముందు నుంచే ఉంది. 1986 నుంచి 2015 దాకా అమెరికాలో టాప్ 10కి ఎక్కిన పాటలను ఒక పరిశోధకుడు కొలిచి చూశాడు. గొంతు వినబడేముందు వచ్చే వాద్యసంగీతం మొదట్లో ఇరవై సెకన్లు దాటేది, చివరికి ఐదు సెకన్లకు వచ్చింది. తలుపు తట్టకుండానే లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చునే మనిషిలా తయారైంది పాట.

ఈ లెక్కను అందరికంటే బాగా అర్థం చేసుకున్నది వల్ఫ్‌పెక్ అనే అమెరికన్ బ్యాండ్. 2014లో వాళ్లు పది ట్రాకుల ఆల్బం పెట్టారు. ఒక్కోటి 30 సెకన్లు దాటీ దాటకుండా ఉంటుంది. అందులో ఏముంది? ఏమీ లేదు. నిశ్శబ్దం. రాత్రి పడుకునేముందు పెట్టుకోండి, తెల్లారేదాకా అదే తిరుగుతుంది, వచ్చిన డబ్బుతో మీకు ఉచితంగా కచేరీలు చేస్తాం అని అభిమానులను కోరారు. అభిమానులు పెట్టుకున్నారు. స్పాటిఫై దాన్ని తీసేయించే లోపల దాదాపు 20,000 డాలర్లు వచ్చాయి. నన్నడిగితే ఈ శతాబ్దంలో ఇంతకు మించిన స్వచ్ఛమైన సంగీతం రాలేదు. శ్రుతి తప్పే ప్రసక్తే లేదు, పక్కింటివాళ్లకు ఇబ్బంది లేదు. అన్నిటికీ మించి, అభిమాని నిద్రలో కూడా డ్యూటీ చేయగలడని లోకానికి తేల్చి చెప్పింది.

మెలకువగా ఉన్నవాళ్ల ఘనత వేరు. కొరియా గాయకుడు సై పాడిన ‘గంగ్నం స్టైల్’ 2012 డిసెంబర్‌లో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటిన మొట్టమొదటి వీడియో అయింది. రెండేళ్లకు ఇంకో తమాషా జరిగింది. యూట్యూబ్ కౌంటర్ 2,147,483,647 కంటే పెద్ద అంకె చూపించలేదు. అంతకు మించి ఒక వీడియోను జనం చూస్తారని కట్టినవాళ్లకు తట్టలేదు. ఈ పాట ఆ హద్దును ముట్టుకోబోతోందని 2014లో కౌంటర్‌ను మార్చారు. ఇప్పుడది తొమ్మిది పక్కన పద్దెనిమిది అంకెలు వేసేంత వరకు లెక్కపెట్టగలదు. ఇంజనీర్లు దీన్ని అప్‌గ్రేడ్ అన్నారు. మా మేనకోడలు లాంటివాళ్లు దాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారు, టార్గెట్ పెంచారు.

స్ట్రీమింగ్‌తో ఉద్యోగం అయిపోయిందనుకోకండి. సీడీలు కూడా కొనాలి. ఒకే ఆల్బం నాలుగు అట్టలతో వస్తుంది. లోపల బ్యాండ్ సభ్యుల్లో ఎవరిదో ఒకరి ఫోటోకార్డ్ ఉంటుంది, ఎవరిదన్నది అదృష్టం. మనకు కావలసిన ముఖం వచ్చేదాకా కొంటూ ఉండాలి. మా ఇంట్లో పందొమ్మిది సీడీలున్నాయి. సీడీ ప్లేయర్ లేదు. ఎందుకు కొనలేదని అడిగితే, “దాంతో ఏం చేస్తాం మామయ్యా?” అంది.

ఇంత చేశాక కూడా తారను కళ్లారా చూడాలంటే పరీక్ష పాసవ్వాలి. 2022 నవంబర్‌లో అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ టూర్‌కి టికెట్లు అమ్మేటప్పుడు టికెట్‌మాస్టర్ అనే కంపెనీ ‘వెరిఫైడ్ ఫ్యాన్’ అని ఒక హోదా పెట్టింది. అంటే అభిమానినని మనం అనుకుంటే చాలదు, సర్టిఫికెట్ కావాలి. 35 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. అమ్మకం మొదలైన రోజు వెబ్‌సైట్‌కు 350 కోట్ల రిక్వెస్టులు వచ్చి అది మూర్ఛపోయింది. గమనించారా, 1964లో అభిమాని మూర్ఛపోయేవాడు, ఇప్పుడు ఆ బాధ్యత సర్వర్లు తీసుకున్నాయి. 2023 జనవరిలో అమెరికన్ సెనేట్ దీని మీద విచారణ కూడా పెట్టింది. లిస్ట్ రుమాలు ముక్క కోసం పోట్లాడినవాళ్లను ఏ చట్టసభా పట్టించుకోలేదు.

ఎంత కష్టమైనా పడతారు గానీ, కష్టపడకుండా దొరికితే మాత్రం ఒప్పుకోరు. 2014 సెప్టెంబర్‌లో ఆపిల్, యూ2 బ్యాండ్ కలిసి కొత్త ఆల్బంను దాదాపు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లో ఉచితంగా పెట్టేశాయి. జనం సంతోషిస్తారనుకున్నారు. అడగకుండా మా ఫోన్లోకి ఎందుకొచ్చారని జనం తిట్టిపోశారు. వారం తిరక్కుండా ఆ ఆల్బంను తీసేసుకోవడానికే ఆపిల్ ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టాల్సి వచ్చింది. తర్వాత యూ2 గాయకుడు బోనో క్షమాపణ చెప్పుకున్నాడు. పాపం, ఆయన చేసిన తప్పల్లా అభిమానికి చేయడానికి పనేమీ మిగల్చకపోవడం.

తారల గతి మాత్రం ఏమంత బాగుంది గనక. ఒకప్పుడు తార అంటే పేరుకు తగ్గట్టు ఎక్కడో పైన ఉండేది, ఏడాదికోసారి కనబడేది, మబ్బు పడితే అదీ లేదు. ఇప్పుడు పళ్లు తోముకుంటూ లైవ్‌లోకి రావాలి. రెండు రోజులు రాకపోతే ఆరోగ్యం బాగాలేదా అని, మూడో రోజు మమ్మల్ని మరచిపోయావా అని అడుగుతారు. జస్టిన్ బీబర్ అనే గాయకుడు చిన్నప్పుడు పాడిన వీడియోలను వాళ్లమ్మ 2007లో యూట్యూబ్‌లో పెట్టింది చుట్టాలు చూస్తారని. స్కూటర్ బ్రాన్ అనే మేనేజర్ ఇంకెవరి వీడియో కోసమో వెతుకుతూ పొరపాటున దాని మీద నొక్కాడు. ఆ ఒక్క నొక్కుడుతో కుర్రాడికి చుట్టాలు కోట్లలో పెరిగిపోయారు. చుట్టాలకు ఉండే హక్కులన్నీ వాళ్లకూ వచ్చేశాయి. జుట్టు ఎందుకు కత్తిరించావు, ఆ పిల్లతో ఎందుకు తిరుగుతున్నావు, ఎప్పుడు పెళ్లి.

ఈ రొంపిలో దిగకుండా గెలిచినావిడ ఒక్కరు కనబడ్డారు. 1985లో కేట్ బుష్ పాడిన పాట ఒకటి 2022లో ఒక వెబ్ సిరీస్ పుణ్యమా అని మళ్లీ పైకి లేచి, 37 ఏళ్ల తర్వాత బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. దానికి ఆవిడ లైవ్‌లోకి రాలేదు, డాన్స్ చేయలేదు. అలాంటి అదృష్టం అందరికీ పట్టదు, పడితే ఉద్యోగాలు పోతాయి.

అసలు తారే లేకపోతే? ఆ ప్రయోగం 2007లోనే జపాన్‌లో జరిగింది. హత్సునె మికు అనే అమ్మాయి నిజానికి ఒక సాఫ్ట్‌వేర్ గొంతు. నీలి ఆకుపచ్చ రంగు రెండు జడలు, వయసు పదహారు, ఇప్పటికీ పదహారే. ఆమెకు పాటలు రాసేది అభిమానులు, బాణీలు కట్టేది అభిమానులు, బొమ్మలు గీసేది అభిమానులు, టికెట్ కొని తెర మీద ఆ బొమ్మ పాడుతుంటే కర్ర లైట్లు ఊపేదీ అభిమానులే. పల్లకీ మోసేవాళ్లున్నారు, పల్లకీ ఉంది, లోపల ఎవరూ లేరు. బరువు తక్కువ కాబట్టి బోయీలకూ సుఖమే.

ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాచడం మర్యాద కాదు. 2020 జూన్‌లో కొరియా బ్యాండ్ బీటీఎస్ అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల ఉద్యమానికి 10 లక్షల డాలర్లు విరాళమిస్తే, వాళ్ల అభిమానులు కూడగట్టుకుని దాదాపు ఒక్క రోజులోనే మరో 10 లక్షలు పోగుచేశారు. ఏ కంపెనీ టార్గెట్ పెట్టలేదు. వ్యంగ్యం రాసేవాడికి ఇలాంటివి గొంతులో ముల్లులా అడ్డం పడతాయి. ఆ రోజు గురించి మా మేనకోడలు మాట్లాడితే నేను పేపర్ అడ్డం పెట్టుకుంటాను.

మిగతా రోజుల గురించి మాత్రం నాకు స్పష్టమైన డిమాండ్లున్నాయి. అభిమానికి వారానికో సెలవు కావాలి. రాత్రి షిఫ్టుకు అదనంగా ఏదైనా ఇవ్వాలి, ఫోటోకార్డ్ అయినా సరే, కోరుకున్న ముఖంది. బ్యాండ్ విడిపోతే పింఛను ఇవ్వాలి. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక స్వచ్ఛంద విరమణకు వీలుండాలి. ఈ కాగితం మేనకోడలికి చూపించాను. చదివి, “సెలవు పెడితే అవతలి ఫ్యాన్‌డమ్ మనల్ని దాటేస్తుంది మామయ్యా” అంది. ఉద్యోగసంఘాలు ఎక్కడ చస్తాయో నాకప్పుడు అర్థమైంది.

మొన్న గురువారం, లెక్కలు ముగిసే రాత్రి, ఆమె కుర్చీలోనే నిద్రపోయింది. ఫోన్లు పాడుతున్నాయి. దుప్పటి కప్పి, లైటు తీసేసి, కాస్త సౌండ్ తగ్గిద్దామని ఒక ఫోన్ అందుకున్నాను. సగం దగ్గరికి రాగానే వేలు దానంతటదే ఆగిపోయింది. అంతలో పాట కూడా ఆగింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: వీడియో ఆగింది, చూడటం కొనసాగిస్తారా?

ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. చూసేవాళ్లెవరూ లేరు.

‘అవును’ నొక్కాను.