పెట్టెలో బంగారం

మొన్న కరీంనగర్ నుంచి హన్మకొండ వస్తుంటే మానకొండూరు దాటగానే వాన అందుకుంది. కిటికీ అద్దం జరగలేదు. బలంగా లాగాను. రేకు అంచు తగిలి చూపుడు వేలు తెగింది. ఇంతవరకు ఎవరికైనా జరిగేదే.

డ్రైవర్ వెనకాల ‘ప్రథమ చికిత్స’ అని రాసిన రేకు పెట్టె ఉంది. ఎర్ర ప్లస్ గుర్తుకు ఈమధ్యే రంగు వేసినట్టున్నారు, తళతళా మెరుస్తోంది. దానికి తాళం. తాళంచెవి డిపోలో ఉందట.

“ఉట్టిగ తెరిచిపెడితె సామాన్లు పోతయి సార్” అన్నాడు కండక్టర్.

నా రక్తం పోతున్నది ఆయన లెక్కలోకి రాలేదు.

అక్కణ్నుంచి బస్సంతా నా వేలిని వదిలేసి పెట్టె మీద పడింది. ఒకాయన సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. (మన బస్సుల్లో స్క్రూడ్రైవర్‌తో తిరిగేవాళ్లు దొరుకుతారు గానీ దూదితో తిరిగేవాళ్లు దొరకరు.) తాళం పగలగొట్టాలని ఆయన, బందులు విప్పితే చాలని ఇంకొకాయన. వాళ్ల వాదన తెగేలోపు నా ప్యాంటు మీద మరకలు లెక్క దాటాయి. చివరికి బందులే గెలిచాయి. లోపల ఒక దువ్వెన, అగరుబత్తులు, ఎండిపోయిన నిమ్మకాయ, పసుపు పొట్లం, పేపర్లో చుట్టిన బెల్లం ముద్ద. మేడారం బంగారం! జాతర రెండేళ్లకోసారి కదా, ఇది ఏ జాతరదో అందులోని చీమలకే తెలియాలి. వెనక సీటు అవ్వ లేచి దండం పెట్టింది. తలా ఇంత తీసుకున్నారు. నాకూ పెట్టారు, మంచి చేతిలోనే.

“తల్లి పసుపు కొడుకా, జర అద్దు” అంది అవ్వ. వద్దంటే సమ్మక్కను కాదన్నట్టు. గాయానికి అద్దుదామంటే చీమలు కూడా వస్తాయి.

అప్పటిదాకా మూడో సీట్లో నిమ్మళంగా కూర్చున్న ఒక నర్సమ్మ లేచింది. ఉతికిన కర్చీఫ్ మడిచి వేలు మీద పెట్టి గట్టిగా నొక్కింది. 10 నిమిషాలు తీసి చూడొద్దంది. చూస్తే గడ్డకడుతున్న రక్తం మళ్లీ కదులుతుందట. గుడ్డ తడిస్తే దాన్ని తీయకుండా పైన ఇంకోటి పెట్టాలట. చెయ్యి మాత్రం గుండెకంటే ఎత్తులో ఉండాలంది.

ఎత్తాను. అద్దంలో చూసిన డ్రైవర్ బస్సు ఆపాడు.

“దిగెటోళ్లు దిగున్రి!”

ఎవరూ దిగలేదు. కాస్త దూరం పోయాక మళ్లీ ఆపాడు. హుజూరాబాద్ స్టాండులో బయట నిలబడ్డ ఒకాయన నాకు చెయ్యి ఊపి, ఎక్కి, పక్కనే కూర్చున్నాడు. “అన్నా, మనం ఎక్కడ కలిసినం?” ఎల్కతుర్తి దాకా ఆయన గుర్తుచేసుకుంటూనే ఉన్నాడు. మధ్యమధ్యలో జనం “ఆగిందా? జర తీసి సూపియ్” అంటుంటే నర్సమ్మ ఒక్కతే అందరినీ కసిరింది.

హన్మకొండలో క్లినిక్. నల్లా కింద కడిగారు, కుట్లు అక్కర్లేదన్నారు. ధనుర్వాతం సూది చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారని డాక్టర్ అడిగాడు. తుప్పుతో వస్తుందనుకుంటాం గానీ, ఆ క్రిమి మట్టిలో, దుమ్ములో ఉంటుందట. ఇలాంటి మురికి గాయమైతే, పాత సూదికి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయాల్సిందేనట. నాకేం గుర్తు? అమ్మకు ఫోన్ చేశాను.

“ఏడో తరగతిల మేకు తొక్కినవ్ సూడు, అప్పుడు ఏపిచ్చిన. గిప్పుడెందుకు? ఏమైంది?”

చొక్కా చెయ్యి మడుస్తుండగానే మళ్లీ ఫోన్ మోగింది.

“ఆడ్నే ఉండు. మీ చిన్నమ్మ పసుపు పట్టుకొని ఆటో ఎక్కింది.”