అల్లమా, అల్లుడా?

హైదరాబాద్ అపార్టుమెంట్లలోకి కొంతకాలంగా ఒక కొత్త అల్లుడు దిగబడ్డాడు. పేరుకు అల్లమే గానీ చాయ్‌లోకి రాడు, పచ్చడికి పనికిరాడు. రెడ్ జింజర్, షెల్ జింజర్, సియామ్ తులిప్ అంటూ అల్లం కుటుంబపు పూలమొక్కలను నర్సరీలవాళ్లు అంటగడుతున్నారు. జామాతా దశమగ్రహం అన్న పెద్దలు ఈ మొక్కను చూసే అన్నారని నా దృఢ విశ్వాసం. నేనూ ఒకింటి అల్లుణ్ణే, నాకు మాత్రం ఇన్ని మర్యాదలు జరగలేదు.

ఈ అల్లుడిగారికి గాలిలోనే తేమ ఉండాలి, మిట్టమధ్యాహ్నం నీడ ఉండాలి. మనమేమో పడమటి ఎండ దంచే ఐదో అంతస్తు బాల్కనీ ఇచ్చి, మే నెల వడగాల్లో నవ్వమంటాం. ఆకు కొసలు మాడక ఏం చేస్తాయి?

మాడగానే నాలోని మేధావి మేల్కొన్నాడు. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు బకెట్లో పట్టి, నీటి పొదుపు చేస్తున్నానన్న గర్వంతో పూటకో చెంబు పోశాను. అంటే బోరునీళ్లలోని ఉప్పునంతా చిక్కబరిచి మరీ పట్టించానన్నమాట. నెల తిరిగేసరికి ఆకుల అంచులు అగ్గిపుల్లతో కాల్చినట్టయ్యాయి, మట్టి మీద తెల్లటి పొర పేరుకుంది. పక్కనే ఏసీ పైపులోంచి ఉప్పులేని నీళ్లు చుక్కచుక్కగా కింది ఫ్లోరువాళ్ల బట్టల మీద పడుతూనే ఉన్నాయి. అవి పట్టి పోసినా సరిపోయేది. వాననీళ్లయితే ఇంకా శ్రేష్ఠం.

వాడితే నీళ్లు, పసుపుబారితే నీళ్లు, ఏమీ తోచకపోతే నీళ్లు. ఇదీ మా కాలనీ వైద్యం. కుండీ కింది ప్లేటులో నీళ్లు నిలిచి ఒక రెడ్ జింజర్ దుంప కుళ్లింది. వేలితో నొక్కితే మగ్గిన అరటిపండులా జారింది. వాసన వర్ణించను. కుళ్లింది కోసిపారేసి, గట్టి ముక్కను రెండ్రోజులు నీడన ఆరబెట్టి, నీళ్లు నిలవని మట్టిలో రెండు వేళ్ల లోతున పెడితే కొంత ఆశ.

షెల్ జింజర్ సాధారణంగా పోయినేడు లేచిన కాడలకే పూస్తుంది. మా మాలి నీటుగా ఉండాలని ఏటా వాటినే కత్తిరిస్తాడు. మూడేళ్లు పూయలేదని మొక్కను తిట్టి, మాలికి దసరా మామూలు ఇచ్చాను.

సియామ్ తులిప్పుది వేరే కథ. డిసెంబరులో పసుపురంగు తిరిగి పడిపోయింది. అది పసుపు మొక్కకు దగ్గరి చుట్టం. ఆకు ఎండితే నిజామాబాద్ రైతు ఏడుస్తాడా? దుంప తయారైందని పార పడతాడు. నీళ్లు ఆపేసి, ఎండాకాలం దాకా దాన్ని దాని మానాన పడుకోనిస్తే చాలు. నేను మాత్రం ప్రతి ఆదివారం తవ్వి, ఊపిరి ఉందా అని చూసి, మళ్లీ పూడ్చాను.

సంక్రాంతికి అత్తగారొచ్చారు. ఖాళీ కుండీ చూసి, "ఇన్ని నీళ్లు పోశారు, చాయ్‌కి ఓ ముక్కయినా రాలేదా బాబూ?" అని జాలిపడి, అందులో పుదీనా గుచ్చారు.

జూన్‌లో తొలకరి పడ్డాక పుదీనా మధ్యలోంచి ఓ పచ్చటి మొన పైకి లేచింది. కలుపేమోనని అత్తగారే పీకేశారు.