సవరణ: ఇండోనేషియా పంచసిల గురించి

ఇండోనేషియా రాజ్యానికి పునాదిగా పెట్టుకున్న అయిదు సూత్రాలే పంచసిల. అది నెహ్రూ పంచశీలను చూసి పెట్టుకున్నదని పోయినవారం పోస్టులో రాశాను. అది తప్పు, క్షమించండి. సుకర్ణో (తర్వాత ఇండోనేషియా తొలి అధ్యక్షుడు) ఆ అయిదు సూత్రాలను 1945 జూన్ 1నే ఒక ప్రసంగంలో ప్రకటించారు. భారత్-చైనా పంచశీల ఒప్పందం 1954 నాటిది.

పేరు సంస్కృతానిదే, సరుకు వేరు. తనలో జాతీయభావం నాటింది చైనా జాతీయ నాయకుడు సన్ యట్‌సెన్ మూడు ప్రజా సూత్రాలని సుకర్ణో ఆ ప్రసంగంలోనే చెప్పుకున్నారు. జాతీయవాదం, ఇస్లాం, మార్క్సిజం కలిసి నడవాలని 1926లోనే రాసిన మనిషి. అయినా అరువు సరుకును ఉన్నదున్నట్టు వాడలేదు. అయిదింటినీ ఒక్కటిగా కుదిస్తే 'గోతోంగ్ రోయోంగ్' అన్నారు, అంటే అందరూ తలో చెయ్యి వేయడం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంకొకటి. దైవవిశ్వాసాన్ని సుకర్ణో మొదటి సూత్రంగా చెప్పారని రాశాను. ఆయన వరుసలో అది అయిదోది; తర్వాతి చర్చల్లో ముందుకొచ్చింది.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇదీ పంపండి.