నవంబర్ 1 కేవలం అవతరణ దినమేనా?

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక కింద నవంబర్ 1న తప్పక కనిపించే వాక్యం: 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ. అదే రోజు ఏర్పడిన కేరళ, 1966లో వచ్చిన హర్యానా, 2000లో వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆ పక్కనే ఉంటాయి. సమాచారంలో తప్పేమీ లేదు. కానీ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతే ఆ తేదీలో మనకు సంబంధించిన సగం చరిత్ర బయటే ఉండిపోతుంది.

గుంటూరు వైపు నుంచి చూస్తే ఆ రోజు సంబరంతో పాటు కొంత నష్టం కూడా జరిగింది. 1953 అక్టోబర్ 1న 11 జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, రాజధాని సీమకు వెళ్తే హైకోర్టు కోస్తాకు రావాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికకు అనుగుణంగా 1954 జూలైలో గుంటూరులో హైకోర్టు మొదలైంది. కోకా సుబ్బారావు తొలి ప్రధాన న్యాయమూర్తి. తెలంగాణతో కలిసి విశాలాంధ్ర ఏర్పడగానే ఆ న్యాయస్థానం హైదరాబాద్‌కు తరలిపోయింది. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హైకోర్టు 2019 జనవరి 1న మళ్లీ మొదలై, తర్వాత అమరావతి ప్రాంతంలోని నేలపాడుకు చేరడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది.

ప్రభుత్వాలు కూడా ఈ తేదీ విషయంలో నిలకడగా లేవు. 2014లో రాష్ట్రం విడిపోయాక నవంబర్ 1 వేడుకలు ఆగిపోయి, జూన్ 2న నవ నిర్మాణ దీక్ష పేరిట విజయవాడ బెంజి సర్కిల్ వద్ద ప్రతిజ్ఞలు చేయించారు. 2019లో ప్రభుత్వం మారాక నవంబర్ 1 వేడుకలు మళ్లీ విజయవాడలోనే జరిగాయి. జూన్ 2 తెలంగాణకు పండుగ కావడం సహజం. మనకు మాత్రం అది విడిపోయిన రోజే తప్ప పుట్టినరోజు కాదు. నేటి రాష్ట్ర సరిహద్దులకు, భద్రాచలం వంటి కొద్దిపాటి తేడాలను పక్కన పెడితే, అక్టోబర్ 1 నాటి ఆంధ్ర రాష్ట్రమే దగ్గరగా ఉంటుంది. మద్రాసులో స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి ఇంట్లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న కన్నుమూసిన పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం నేరుగా దారితీసింది కూడా ఆ రాష్ట్రానికే. ఆ సాంబమూర్తి పేరుతో విజయవాడలో ఒక రోడ్డు ఉంది. దాని మీదుగా రోజూ తిరిగేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

అయితే ఈ కారణంతో నవంబర్ 1ని వదులుకోవాలన్న వాదనతో నేను ఏకీభవించను. దాన్ని నిలబెట్టుకోవడానికి అవతరణను మించిన కారణం 1966లో ఉంది. విశాఖలో ఉక్కు కర్మాగారం కావాలంటూ గుంటూరు జిల్లాకు చెందిన టి. అమృతరావు అక్కడే నిరాహారదీక్షకు కూర్చోగా, రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగింది. రాష్ట్రానికి సరిగ్గా పదేళ్లు నిండిన రోజున, అంటే 1966 నవంబర్ 1న, విశాఖలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మొత్తం ఉద్యమంలో 32 మంది బలయ్యారని చెబుతారు. శంకుస్థాపన 1971 జనవరి 20న గానీ జరగలేదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదాన్ని ఇప్పటికీ సభల్లో వాడుకుంటున్న నాయకులు, ఆ కాల్పులకూ అవతరణ దినానికీ తేదీ ఒకటేనన్న సంగతిని వేదికల మీద ఎత్తరు. వేడుక నడుమ చావుల ప్రస్తావన ఇబ్బందిగా ఉంటుంది కాబోలు.

తెలుగువారికి ఈ తేదీతో ఉన్న మరో లంకె యానాంలో ఉంది. 1954 నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పాలన ఫ్రెంచి వారి చేతుల్లోంచి భారతదేశానికి మారింది. పాఠశాలల్లో నవంబర్ 1న చదివించే ప్రసంగంలో గుంటూరు హైకోర్టు, విశాఖ కాల్పులు, యానాం కలిపి నాలుగైదు వాక్యాలు చేర్చడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు ఒకరు పూనుకుంటే చాలు.