కింబర్లీ గనుల్లో రంగు చూడలేదా?

దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల గురించి తరచూ షేర్ అవుతున్న మాట ఇది: "వజ్రాలు కనిపెట్టిందీ, గనులు నడిపిందీ తెల్లవాళ్ల తెగువ. నల్లవాళ్లకి జీతం దొరికింది. కాంపౌండ్లు (కూలీలని ఉంచే ఆవరణలు) కట్టింది దొంగతనం ఆపడానికే, రంగు చూసి కాదు." ఒక్కో ముక్కే చూద్దాం.

1869లో 'స్టార్ ఆఫ్ సౌతాఫ్రికా' అనే 83 క్యారెట్ల పైచిలుకు వజ్రం దొరికింది గ్రిక్వా అనే స్థానిక తెగకి చెందిన ఒక గొర్రెల కాపరికి. 500 గొర్రెలు, 10 ఎద్దులు, ఒక గుర్రం ఇచ్చి దాన్ని తీసుకున్న ఆసామి 11,200 పౌండ్లకి అమ్ముకున్నాడు. 1871లో కింబర్లీ గనికి దారి చూపిన వజ్రాలు దొరికింది కూడా తెల్లవాళ్ల బృందంలో వంట చేసే డేమన్‌కి. కోహినూరు గురించి అంత చెప్పుకుంటూ కొల్లూరులో తవ్విన కూలీలని తలవని మనకి ఈ మరుపు కొత్తేమీ కాదు.

ఇక గనులు నడపడం. మొదట్లో నల్లవాళ్లకీ సొంత క్లెయిములు, అంటే తవ్వుకునే హక్కున్న చిన్న స్థలాలు, ఉండేవి. 1872లో తెల్ల డిగ్గర్లు గొడవ చేసి వాటిని ఆపించాలని చూశారు. ఆ ఏడాది ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వులో రంగు మాట లేదు, 'నౌకరు' అన్న మాటే ఉంది. కానీ పాసు (అనుమతి చీటీ) జేబులో పెట్టుకుని తిరగాల్సి వచ్చింది నల్లవాళ్లే. పోటీలో ఓడిపోయినవాళ్లు కాదు వాళ్లు, పోటీలోనే ఉండనివ్వలేదు.

కాంపౌండ్ల విషయంలో చేస్తున్న వాదన అన్నిటికన్నా అన్యాయం. వజ్రాలు దొంగతనంగా బయటికి పోయేవి, నిజమే. అందుకని 1883లో పనివాళ్లందరికీ బట్టలు విప్పించి సోదా చేయాలన్నారు. తెల్ల ఉద్యోగులు సమ్మె కట్టారు. 1884లో మళ్లీ సమ్మె, కాల్పులు, చావులు. ఆ తర్వాత తెల్లవాళ్లకి ఆ సోదా తప్పింది, నల్లవాళ్లకి తప్పలేదు. 1885 నుంచి వాళ్లని మూసిన కాంపౌండ్లలో పెట్టారు. పైన ఇనుప వల, సరుకులు కంపెనీ కొట్లోనే, కాంట్రాక్టు అయ్యేదాకా ఊళ్లోకి అడుగు పెట్టడం లేదు. ఇంటికెళ్లే ముందు కొన్ని రోజులు గదిలో ఉంచి, వజ్రం మింగారేమోనని మలం కూడా వెతికేవాళ్లు. అదే గనుల కంపెనీ డిబీర్స్ తన తెల్ల ఉద్యోగులకి కింబర్లీ దగ్గరి కెనిల్‌వర్త్‌లో చెట్ల నీడన ఇళ్లు కట్టించింది. దొంగతనమే భయమైతే ఈ తేడా ఎందుకు?

జీతం మాటకొస్తే, తొలి రోజుల్లో పెడి, సోతో అనే ఆఫ్రికా తెగల మనుషులు తుపాకులు కొనుక్కోవడానికి వచ్చి, కావలసినన్నాళ్లు పనిచేసి వెళ్లిపోయేవాళ్లు. కూలి గురించి గట్టిగా బేరమాడేవాళ్లు. భూములు పోయి, పన్నులు మీద పడ్డాక ఆ బలం తగ్గింది. డిబీర్స్ అధిపతి సెసిల్ రోడ్స్ 1890లో, కింబర్లీ ఉన్న బ్రిటిష్ వలస అయిన కేప్ కాలనీకి ప్రధాని కూడా అయ్యాడు. 1894లో అతను తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం, గ్లెన్ గ్రే జిల్లాలో బయటికి కూలికి వెళ్లని నల్ల మగవాళ్ల మీద 10 షిల్లింగుల పన్ను పెట్టింది. అది సరిగ్గా వసూలు కాలేదు. అయినా గనుల యజమానే ప్రధాని కుర్చీలో కూర్చుని ఇలాంటి చట్టం చేస్తే, దాన్ని పని దొరకడం అని ఎలా అంటాం?