మొదటి గుక్క ఎవరిది?

నైజీరియా రచయిత్రి చిమమాండా న్గోజీ అడీచీ కథ ‘టుమారో ఈజ్ టూ ఫార్’లో నాయనమ్మ కొబ్బరికాయను రాతికేసి ఒడుపుగా కొడుతుంది. కాయ పగిలినా అడుగు చిప్పలో నీళ్లు ఒలకవు. ఆ చిప్ప చేతులు మారుతుంది, వీధి పిల్లలకూ తలా ఓ గుక్క దొరుకుతుంది. మొదటి గుక్క మాత్రం మనవడు నాన్సోదే. ఆ వరస తప్పకుండా నాయనమ్మ దగ్గరుండి చూసుకుంటుంది.

నాన్సో మేనత్త కొడుకు డోజీకి పదమూడేళ్లు, నాన్సో కంటే ఏడాది పెద్ద. మరి నాన్సో ఎందుకు ముందు తాగాలని నాన్సో పదేళ్ల చెల్లెలు అడుగుతుంది. నాన్సో తన కొడుక్కి ఒక్కగానొక్క కొడుకు, ఇంటిపేరు నిలబెట్టేవాడు. డోజీ వట్టి ‘న్వాడియానా’, అంటే కూతురి కొడుకు అంటుంది నాయనమ్మ. వంశోద్ధారకుడన్న మాట వింటూ పెరిగిన మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కానీ జవాబు మళ్లీ చదవండి. లెక్కంతా ఇద్దరు మగపిల్లల మధ్యే తేలిపోయింది. అడిగిన పిల్ల అందులోకి రానేలేదు.

ఇదంతా ఊళ్లో ముసలమ్మ చాదస్తం అనుకుంటే కథ చేజారినట్టే. నాన్సో, చెల్లెలు అమెరికా నుంచి వేసవి సెలవులకు నైజీరియా వచ్చినవాళ్లు. అక్కడ, అమెరికా ఇంట్లో, పడుకోబోయే ముందు పలకరించడానికి వెళ్లిన తల్లి నాన్సో గదిలోంచి నవ్వుతూ బయటికొస్తుంది. కూతురి గదిలోంచి ఆ నవ్వుతో ఎప్పుడూ రాదు. ప్రవాసంలో పిల్లల్ని పెంచుతున్న మనం ఆగాల్సింది ఇక్కడే అని మా గట్టి నమ్మకం.

ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో వాటా లేదనే ఇగ్బో (నాయనమ్మ జాతి) ఆచారం చెల్లదని నైజీరియా సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. గుక్కల వరస, గదిలోని నవ్వు ఏ కోర్టుకూ వెళ్లవు. వాటిని పట్టుకోవడానికే కథ కావాలి.

మన తెలుగు సంఘం సాహిత్య సమావేశాల్లో ఈ కథను చదవండి. ముగింపు ముందే చెప్పేయకండి, నాన్సోకి ఏమైందో చదివే తెలుసుకోవాలి. తెలుగులో చెప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. మూలంలో ఆ పిల్లకు పేరు లేదు, కథంతా ‘నువ్వు’ అంటూ నడుస్తుంది. సులువుగా ఉంటుందని ప్రథమ పురుషలోకి మార్చకండి. ‘నువ్వు అడిగావు’ అన్నప్పుడు క్రియలో ఆడా మగా తేడా ఉండదు. మార్చగానే నాన్సో ‘తాగాడు’, చెల్లెలు ‘అడిగింది’ అవుతారు. చెట్టు మీంచి కొబ్బరికాయ ‘పడింది’ అనడానికీ మనకున్నది ఆ ‘ఇంది’యే.