ఒకే గడిలో కలెక్టరు, చెంచు

సమసమాజం ఎప్పుడొస్తుందోనని దిగులుపడేవారు 2011 జనాభా లెక్కల పట్టికలను ఒకసారి తిరగేస్తే మంచిది. అది ఎప్పుడో వచ్చేసింది. పని చేసేవారికి ఆ లెక్కల్లో ఉన్నవి నాలుగే గడులు: సొంత సేద్యం చేసేవారు, వ్యవసాయ కూలీలు, ఇంటిపట్టున చేతివృత్తులు చేసుకునేవారు, ఇతరులు. నల్లమలలో తాడు కట్టుకుని కొండచరియ దిగి తేనె తీసే చెంచుకు పొలమూ లేదు, మగ్గమూ లేదు గనుక అతడు నాలుగో గడిలో చేరాడు. అదే గడిలో కలెక్టరుగారున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, పూజారులున్నారు, రాజకీయ నాయకులూ ఉన్నారు. ఇంతమంది పెద్దలతో సహపంక్తిన కూర్చోబెట్టాక కూడా ఆత్మకూరు అడవిలోని చెంచు గూడేలవారు తమను పట్టించుకునే నాథుడు లేడనడం కృతఘ్నత కాక మరేమిటి?

ఏడాదిలో 6 నెలలకు తగ్గకుండా పని చేస్తే ప్రధాన శ్రామికులు, తగ్గితే ఉపాంత శ్రామికులు అన్నది మరో సూత్రం. కుంకుడుకాయలు, చింతపండు, తపసి బంక, తేనె దేని కాలంలో అది వస్తుంది. ఏది ఎన్ని నెలలు చేశావని అడిగితే అడవి దగ్గర రిజిస్టరు లేదు. పైగా తేనెకు దిగేవాడి తాడును పైన బావమరిదే పట్టుకోవాలన్నది వారి ఆనవాయితీ అంటారు. తోబుట్టువు పసుపుకుంకుమలు తన పిడికిట్లో ఉన్నాయని తెలిసినవాడు పట్టు జారనివ్వడు కదా. బీమా కంపెనీలకు ఇంతకన్నా మంచి ఉపాయం ఇంతవరకూ తట్టలేదు. అయితే, ఉన్నచోటి నుంచి కదలని ఆ బావమరిది చేస్తున్నది పనేనా? (కార్యాలయాల్లో కుర్చీ కదలనివారిని ప్రధాన శ్రామికులుగానే రాసుకున్నారు కాబట్టి ఇతడూ ఆశ వదులుకోనక్కరలేదు.)

2021లో జరగవలసిన జనగణన 2027కు వాయిదా పడిందని కొందరు సణుగుతున్నారు. ఈలోగా 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో ఆత్మకూరు గూడేలు, ఒక్క గుడిసె కదలకుండానే, కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు వలస వెళ్లాయి. పులుల లెక్క మాత్రం 2014, 2018, 2022 సంవత్సరాల్లో ఠంచనుగా జరిగింది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో పులి ఒకసారి కెమెరా ముందు నడిస్తే చాలు, చారలను బట్టి ఫలానా పులి అని తేల్చేస్తారు. బంక గీకి గీకి వేలిముద్రలు అరిగిన ముసలమ్మ మాత్రం రేషను యంత్రం మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా తాను తానేనని రుజువు చేసుకోలేదు. ఆ పులులను కాపలా కాసే అటవీశాఖ బేస్ క్యాంపుల్లో ఉండేదీ ఎక్కువగా చెంచులే. చారలు లేకపోవడం వారి స్వయంకృతం.

2027 ఫిబ్రవరిలో ఇంటింటికీ తిరగబోయే సిబ్బందికి ఒక మనవి. చెంచులక్ష్మిని పెళ్లాడి చెంచుల అల్లుడైన అహోబిలం నరసింహస్వామి ఏటా కనుమ నుంచి నెలన్నర దాకా పారువేట పేరిట పల్లకిలో ఊరూరా తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. పల్లకి వెంట ఒక ఎన్యూమరేటరును పంపి, ఆ దారిని ఆత్మకూరు గూడేల దాకా పొడిగిస్తే ప్రభుత్వానికి ప్రయాణ భత్యమైనా మిగులుతుంది. దారిలో స్వామివారి వృత్తి కూడా నమోదు చేయవలసి వస్తే చిక్కేమీ లేదు: వేట, ఏడాదికి నెలన్నర, ఇతరుల గడి, ఉపాంత శ్రామికుడు.